పఫ్ ప్యానెళ్లను సైటుకు చేర్చడం, బిగించేదాకా కాపాడుకోవడం

ప్రశ్న: అయ్యా, బాపట్ల జిల్లాలో సముద్రానికి నాలుగు కిలోమీటర్ల దూరాన ఉన్న మా ఊళ్లో అన్నదమ్ములం ముగ్గురం కలిసి రొయ్యల నిల్వకు ఒక కోల్డ్ రూము కట్టుకుంటున్నాము. ఎనిమిది మీటర్ల పొడవు, ఆరు మీటర్ల వెడల్పు, నాలుగు మీటర్ల ఎత్తు. లోపల మైనస్ 18 డిగ్రీలు ఉండాలి. ఇందుకు 150 మిల్లీమీటర్ల మందం పఫ్ ప్యానెళ్లు (రెండు రేకుల మధ్య ఫోమ్ నింపిన పలకలు) హైదరాబాదు దగ్గరి ఒక ఫ్యాక్టరీలో తయారై ఉన్నాయి. గోడలకు నాలుగు మీటర్లవి 25, పైకప్పుకు ఆరు మీటర్లవి 7. వానల వల్ల పునాది పని వెనకబడింది, ఇంకా రెండు నెలలు పట్టేలా ఉంది. సరుకు వెంటనే తీసుకువెళ్లమని ఫ్యాక్టరీవారు తొందర పెడుతున్నారు. తెచ్చి కళ్లంలో పేర్చి, నల్ల పాలిథీన్ చుట్టి బిగించి కట్టేస్తే చుక్క నీరు పోదని మా బాబాయి అంటున్నారు. మా ఊళ్లోకి క్రేను రావడం కష్టం. దారిలో ఏ జాగ్రత్తలు తీసుకోవాలి? ఎలా దించుకోవాలి? రెండు నెలలు ఎలా ఉంచాలి?

సమాధానం: మీరు అడిగిన మూడు ప్రశ్నలకన్నా ముందు, అడగని ఒక ప్రశ్నకు జవాబు చెప్పాలి. వీలైతే ఇప్పుడు తెచ్చుకోకండి. ఫ్యాక్టరీవారి తొందరకు కారణం చాలాసార్లు మిగిలిన డబ్బు, లేదా వాళ్ల గోడౌనులో చోటు. డబ్బు ఇబ్బంది లేకపోతే బాకీ చెల్లించి, సరుకును మీ పేరున వాళ్ల కప్పు కిందే ఉంచమని, అలా ఉంచుతున్నట్టు కాగితం మీద రాసి ఇమ్మని అడగండి. అద్దె కొంత అడిగినా ఒప్పుకోండి. కోల్డ్ రూముల బిగింపు పనిలో ఇన్నేళ్లుగా చూసినదాన్ని బట్టి చెబుతున్నాను: ప్యానెళ్లు పాడయ్యేది గోడలో నిలబడ్డాక కాదు, లారీ ఎక్కిన రోజుకూ బిగించే రోజుకూ మధ్యనే. ఆ మధ్యకాలం ఎంత తగ్గితే మీ కోల్డ్ రూము ఆయుష్షు అంత పెరుగుతుంది.

అంతా ఆపడం కుదరకపోతే సగమైనా ఆపండి. గోడల ప్యానెళ్లు ముందు, పైకప్పువి నెలన్నర తరవాత అని రెండు విడతలుగా పంపమని అడగండి. మీ సరుకు కొలతలు చూస్తే ఎలాగూ అదే మేలని తేలుతుంది. అరమిల్లీమీటరు మందం రేకు రెండు వైపులా, ఘనపు మీటరుకు 40 కిలోల సాంద్రత ఉన్న ఫోమ్ మధ్యలో అనుకుంటే, 150 మిల్లీమీటర్ల ప్యానెల్ చదరపు మీటరుకు దాదాపు 14 కిలోలు తూగుతుంది. 1.15 మీటర్ల వెడల్పుతో లెక్కిస్తే నాలుగు మీటర్ల గోడ ప్యానెల్ 64 కిలోలు, ఆరు మీటర్ల పైకప్పు ప్యానెల్ 97 కిలోలు ఉంటుంది. మొత్తం 32 ప్యానెళ్లు కలిపినా రెండున్నర టన్నులు దాటవు. కానీ అవి ఆక్రమించే చోటు 24 ఘనపు మీటర్లకు పైగా ఉంటుంది. బరువు లేదు కదా అని లారీవాళ్లు తప్పుచేసేది ఇక్కడే. ఇంకా పది టన్నులు పడుతుందని మధ్యదారిలో ఇనుప యాంగిళ్లో, మోటార్లో, మరొకరి సరుకో మీ ప్యానెళ్ల మీద వేస్తారు. కనుక బండి మొత్తం మీదే అని, మీ సరుకు మీద మరేదీ వేయకూడదని, మధ్యలో మరో బండిలోకి మార్చకూడదని మాట్లాడుకునేటప్పుడే తేల్చుకుని, రసీదు మీద రాయించండి.

బండి ఎంపికలో వెడల్పు ముఖ్యం. మామూలు ఏడడుగుల బాడీ లోపలి కొలత రెండు మీటర్లకు కొంచెం ఎక్కువ, అందులో 1.15 మీటర్ల కట్టలు రెండు పక్కపక్కన పట్టవు. పట్టించాలని ఒకదాని అంచు మీద ఒకటి ఎక్కిస్తే అంచులు అక్కడే నలిగిపోతాయి. మధ్య సందు, అంచులకు పెట్టే రక్షణ ముక్కలు కలుపుకుంటే కనీసం 2.4 మీటర్ల వెడల్పున్న చదునైన ఫ్లాట్‌బెడ్ కావాలి. బండి వెడల్పు 2.6 మీటర్లు దాటకూడదని మోటారు వాహనాల నిబంధన కూడా ఉంది కాబట్టి, ఆ రెంటి మధ్య కొలతే మీకు పనికొచ్చేది. ఆరు మీటర్ల ప్యానెళ్లను అంతకన్నా పొట్టి బండిలో వేసి వెనక తోక వేలాడదీయనివ్వకండి. రోడ్డు మీద పోయేవాళ్లకు అది ప్రాణాపాయం. బండి ఎగిరినప్పుడల్లా వేలాడే కొస ఊగి, ఆఖరి ఆనిక దగ్గర రేకు ముడతపడుతుంది. ఇటు నలభై అడుగుల ట్రెయిలర్‌ను పిలిస్తే పల్లెదారిలో ఏ కాలవ వంతెన దగ్గరో మలుపు తిరగలేక ఆగిపోవచ్చు. అప్పుడు సరుకును ట్రాక్టరు ట్రక్కులోకి మార్చవలసి వస్తుంది. ఒకసారి అదనంగా దించి ఎక్కించడమంటే ఒకసారి అదనంగా దెబ్బతినడమే. లారీ మాట్లాడే ముందే ఊరి దారిలో మలుపులను, వంతెన వెడల్పును, రోడ్డు మీదుగా వేలాడే కరెంటు తీగల, కేబుల్ తీగల ఎత్తును మీ అన్నదమ్ముల్లో ఒకరు టేపు పట్టుకుని కొలిచి రాసుకోండి.

ఇక లోడింగు. పఫ్ ప్యానెల్ బలమంతా రెండు రేకులూ ఫోమూ ఒకే ముక్కలా అతుక్కుని ఉండడంలో ఉంది. లోపలి ఫోమ్ ఒక్కదాన్నే తీసుకుంటే చదరపు సెంటీమీటరుకు ఒకటిన్నర, రెండు కిలోల ఒత్తిడి దాటితే అణగడం మొదలవుతుంది. డెబ్బయి కిలోల మనిషి మడమ మీద నిలబడితే పడే ఒత్తిడి అంతకన్నా ఎక్కువ. పైరేకు దాన్ని కొంత పంచుతుంది కానీ అరమిల్లీమీటరు రేకు ఎంతని పంచగలదు? అందుకే తాళ్లు కట్టే కుర్రవాడు కట్ట మీదికెక్కి అటూ ఇటూ నడవకూడదు. నడవక తప్పకపోతే పైన వెడల్పాటి ప్లైవుడ్ పరిపించండి. కట్టల కింద మీటరుకొకటి చొప్పున ఆనికలు ఉండాలి. ఆనికకూ రేకుకూ మధ్య ధర్మోకోల్ దిమ్మె ఉండాలి. పై కట్ట ఆనికలు కింది కట్ట ఆనికలకు సరిగ్గా నిలువునా మీదుగా రావాలి. ఒకటి ఇక్కడ, ఒకటి అక్కడ ఉంటే పై బరువు కింది ప్యానెళ్లను నడిమధ్య నొక్కుతుంది.

కట్టడానికి జనపనార తాళ్లు, ఇనుప రోప్ వద్దు. వెడల్పాటి రాచెట్ బెల్టులు (చిన్న పిడితో బిగించే పట్టీలు) వాడించండి. బెల్టు ప్యానెల్ అంచును తాకే ప్రతిచోటా మొత్తం కట్ట వెడల్పుకన్నా రెండంగుళాలు పొడవైన చెక్క పలక పైన వేసి, బెల్టు ఒత్తిడి ఆ పలక మీద పడేటట్టు చూడాలి. ఎందుకింత పట్టుదల అంటే, ప్యానెల్ అంచుల్లో ఒకవైపు గాడి, ఒకవైపు నాలుక ఉంటాయి. బిగింపులో ఒకదాని నాలుక పక్కదాని గాడిలో కూర్చోవాలి. బెల్టు నొక్కుకు గాడి పెదవి మూడు మిల్లీమీటర్లు లోపలికి వంగినా ఆ జంట సరిగ్గా మూసుకోదు. మైనస్ 18 డిగ్రీల గదికి సముద్రపు గాలి తేమ ఆ సన్నని సందులోంచి రాత్రింబవళ్లు లోపలికి పోతుంది. మూడు నెలలు తిరక్కుండా ఆ అతుకు పొడవునా లోపలివైపు మంచు గీత కనిపిస్తుంది. సిలికాన్ పూసి దాచవచ్చు కానీ మాన్పలేరు. బెల్టులను కూడా బలం కొద్దీ బిగించకూడదు. బయలుదేరాక నలభై, యాభై కిలోమీటర్ల దగ్గర బండి ఆపించి, సర్దుకున్న సరుకు మీద వదులైన బెల్టులను మళ్లీ సరిచేయించాలి. పైన కప్పే బరకం గాలికి టపటపా కొట్టుకోకుండా బిగుతుగా ఉండాలి. మూడు వందల కిలోమీటర్లు కొట్టుకుంటూ వస్తే అది రంగును గరుకు కాగితంలా గీరేస్తుంది. బరకం దారిలో వాన ఆపడానికే; ఊరు చేరాక దాని పని వేరు, అది తరవాత చెబుతాను.

కాగితాల సంగతి క్లుప్తంగా. సరుకు విలువ 50 వేల రూపాయలు దాటుతుంది కాబట్టి ఇ-వే బిల్లు (సరుకు రవాణాకు జీఎస్టీ కింద తీసుకునే పత్రం) ఉండాలి. మామూలు సరుకుకు 200 కిలోమీటర్లకు ఒక రోజు చొప్పున గడువు ఉంటుంది. మీ దూరానికి రెండు రోజులు వస్తాయి. వానకు లారీ ఆగిపోతే గడువు పొడిగించమని ఫ్యాక్టరీవారికి లేదా ట్రాన్స్‌పోర్టువారికి ఫోను చేయడం మరవకండి. దారి బీమా ఎవరిదో ముందే తేల్చుకోండి. లారీ వచ్చి ఆగగానే, బెల్టులు విప్పకముందే, నాలుగు వైపులా ఫోటోలు తీయండి. ప్రతి కట్ట నాలుగు మూలలనూ చూసి, సొట్టలు, చిరిగిన చుట్లు, తడిసిన కొసలు ఉంటే అవన్నీ రసీదు మీద రాసి, డ్రైవరు సంతకం పెట్టాకే మీరు సంతకం చేయండి. డ్రైవరు తొందరపడతాడు, చీకటి పడుతోందంటాడు. ఏమీ రాయకుండా సంతకం చేసి ఇచ్చిన రసీదుతో తరవాత ఎవరినీ ఏమీ అడగలేరు.

దించడానికి క్రేను దొరకదన్నారు. మీ కొలతలకు అది పెద్ద లోటు కాదు, మనుషులు చాలు. అయితే కట్టలు కట్టలుగా కాకుండా ఒక్కొక్క ప్యానెల్‌గా దించాలి. గోడ ప్యానెల్‌కు నలుగురు, పైకప్పు ప్యానెల్‌కు ఆరుగురు. ఇద్దరు రెండు కొసలు పట్టుకుని పడుకోబెట్టి మోస్తే మధ్యలో కుంగి ఊగుతుంది. ఆ ఊపులోనే రేకుకూ ఫోమ్‌కూ మధ్య జిగురు తెగుతుంది. కనుక ప్యానెల్‌ను లేపి, పొడవాటి అంచు మీద నిలువుగా, పలకను చంకన పెట్టుకున్నట్టు మోయాలి. ఒకదాని మీంచి ఇంకోదాన్ని జారుస్తూ లాగకూడదు. మధ్యలో చిక్కిన ఒక్క ఇసుక రేణువు చాలు, ఆ చివరినుంచి ఈ చివరిదాకా గీత పడుతుంది. అందరూ కలిసి నిలువునా పైకెత్తి, పక్కకు తేవాలి. రేకు అంచులు కత్తిలా ఉంటాయి, చేతి తొడుగులు లేకుండా ఎవరినీ ముట్టనివ్వకండి. హమాలీలకు రోజుకూలీతోపాటు తొడుగులు కొనివ్వడం మీ బాధ్యత.

జేసీబీతో గొలుసులేసి ఎత్తిస్తామని ఎవరైనా ముందుకొస్తే ససేమిరా ఒప్పుకోకండి. ఎప్పుడైనా హైడ్రా (చిన్న క్రేను బండి) దొరికి కట్టగా ఎత్తవలసి వస్తే, వెడల్పాటి నైలాన్ స్లింగులను (ఎత్తే పట్టీలను), కట్టకు పైనా కిందా దాని వెడల్పుకన్నా పొడవైన చెక్క పలకలను, పైన స్లింగులను ఎడంగా ఉంచే అడ్డ కమ్మీని వాడించండి. లేకపోతే స్లింగులు త్రికోణంలా లోపలికి లాగి అంచులను నలిపేస్తాయి.

ఇక అసలు విషయం, రెండు నెలల నిల్వ. మీ బాబాయిగారి మాటను గౌరవిస్తూనే, అది చేయవద్దని గట్టిగా చెబుతున్నాను. ధాన్యానికి, పొగాకుకు ఆయన అనుభవం నిజమే కావచ్చు. రేకుకు మాత్రం బిగించి కట్టిన పాలిథీన్‌కన్నా పెద్ద శత్రువు లేదు. కొన్నేళ్ల కిందట కాకినాడ దగ్గర ఒక చేపల ప్రాసెసింగ్ యూనిట్‌లో నేను ఒక కట్ట విప్పించాను. సిమెంటు గచ్చు మీద చదునుగా పెట్టి, పైనా పక్కలా పాలిథీన్ చుట్టి, అంచుల మీద ఇటుకలు పేర్చారు. డెబ్బయి రోజులు వాన చుక్క లోపలికి పోలేదు. ఆ మాట నిజమే. పాలిథీన్ తీయగానే లోపలివైపు చెమట పట్టినట్టు నీటిబొట్లు వరసగా కనిపించాయి. పై ప్యానెల్ ఎత్తితే రెండు రేకుల మధ్య సున్నం చల్లినట్టు తెల్లటి పొడి, ముగ్గుచారల్లా వంకరలు తిరిగిన మరకలు. కొసల దగ్గర ఫోమ్‌ను వేలితో నొక్కితే స్పంజిలాగా నీరు ఊరింది. పైరేకు మీది రక్షణ ఫిల్ము పట్టుకుని లాగితే గోరంత ముక్కలుగా చిరిగిపోతూ, జిగురంతా రేకు మీదే ఉండిపోయింది. ఆరుగురు మనుషులు కిరోసిన్ గుడ్డలతో నాలుగు రోజులు తుడిచారు. తొమ్మిది ప్యానెళ్లు పనికిరాలేదు. బయటినుంచి ఒక్క చుక్క లోపలికి పోకుండా జరిగిన నష్టమిది.

నీరు ఎక్కడినుంచి వచ్చిందంటే గాలిలోంచి, నేలలోంచి. పగలు వేడికి నేల తేమ ఆవిరై పాలిథీన్ కింద చేరుతుంది. తెల్లవారుజామున రేకు చల్లబడి, ఆ ఆవిరి మంచులా దాని మీద పడుతుంది. మళ్లీ పొద్దెక్కాక అది బయటికి పోవాలంటే దారి లేదు. ఒకదాని మీద ఒకటి ఆనుకున్న రేకుల మధ్య సందులోకి నీరు తనంతట తానే పాకుతుంది. రేకు మీద ఉన్న జింకు పూతకు నీరు తగిలినా, గాలి ఆడుతూ ఉంటే త్వరగా ఆరి, క్రమంగా తనకు తాను ఒక రక్షణ పొరను ఏర్పరచుకుంటుంది. గాలి ఆడని చోట నీరు నిలిస్తే ఆ పొర ఏర్పడదు, జింకు కరిగి తెల్ల తుప్పు అవుతుంది. మీరు సముద్రానికి నాలుగు కిలోమీటర్ల దూరంలో ఉన్నారు. ఆ నీటిలో ఉప్పు కూడా ఉంటుంది. ఉప్పు ఈ పనిని మరింత త్వరగా చేస్తుంది.

ఫోమ్ విషయం ఇంకా బాధాకరం. ఫోమ్ గుణమంతా దానిలో మూసుకుపోయిన సన్నని గదుల్లో చిక్కిన వాయువుది. ప్యానెల్ కోసిన కొసల దగ్గర ఆ గదులు తెరిచి ఉంటాయి. నీరు ఫోమ్‌కన్నా 25 రెట్లు ఎక్కువగా వేడిని పోనిస్తుంది. అదే నీరు గడ్డకడితే వంద రెట్లకు దగ్గరగా పోనిస్తుంది. మైనస్ 18 డిగ్రీల గదిలో ఆ కొస తడి గడ్డకట్టి, తొమ్మిది శాతం ఉబ్బి, రేకును ఫోమ్ నుంచి విడదీస్తుంది. ఏడాది తరవాత కరెంటు బిల్లు ఎందుకు పెరిగిందో ఎవరికీ అర్థం కాదు.

కాబట్టి నిల్వలో మీరు చూడవలసింది ఒక్కటే: పడిన నీరు జారిపోవాలి, తడిసినది ఆరాలి. అన్నిటికన్నా మంచిది పైకప్పు ఉన్న చోటు. ఊళ్లో ఎవరిదైనా ఖాళీ గోడౌనో, నాలుగు వైపులా తెరిచి ఉన్న రేకుల షెడ్డో దొరికితే అద్దె ఇచ్చి అక్కడ పెట్టండి. అయితే ఎరువుల బస్తాలు, బ్లీచింగు, చెరువులకు చల్లే సున్నం నిల్వ చేసే గోడౌను మాత్రం వద్దు, అవన్నీ రేకును తినేవే. ఆరుబయట తప్పకపోతే కళ్లంలో మెరక చోటు చూడండి. కొబ్బరిచెట్టు కింద వద్దు. ఒక్క కాయ పడితే సొట్ట, మట్ట పడితే చిరుగు. సిమెంటు కలిపే చోటికీ, ట్రాక్టర్లు తిరిగే దారికీ దూరంగా ఉండాలి. తడి సిమెంటు చిమ్మితే అందులోని సున్నం గుణం పూతను మచ్చలు చేస్తుంది.

నేల మీద ముందు సరుగుడు దుంగలో, నాలుగంగుళాల చదరపు చెక్కలో మీటరుకొకటి చొప్పున అడ్డంగా వేయండి. కట్ట అడుగుభాగం నేలకు కనీసం 20 సెంటీమీటర్ల ఎత్తున ఉండాలి. ఒక కొసవైపు దుంగల కింద ఇటుకలు పేర్చి, నాలుగు మీటర్ల కట్టకు ఒక కొస రెండో కొసకన్నా 10 సెంటీమీటర్లు ఎత్తు ఉండేలా ఏటవాలు ఇవ్వండి. ఏటవాలు పొడవు వెంబడి ఉండాలి. అడ్డంగా ఇస్తే నీరు గాడిలోకి చేరి అక్కడే నిలుస్తుంది. మొదటి దుంగ నుంచి చివరి దుంగ దాకా దారం లాగి, అన్నిటి పైభాగాలూ ఆ దారాన్ని తాకుతున్నాయో లేదో చూడండి. ఒకటి దిగి ఉంటే రెండు నెలల్లో ప్యానెల్ అక్కడ వంగి, ఆ వంపు అలాగే ఉండిపోతుంది. దుంగ మీద ధర్మోకోల్ ముక్క, దాని మీద ప్యానెల్. ఒకదాని మీద ఒకటి ఆరు ప్యానెళ్లు మించవద్దు. మీకు చోటుంది కాబట్టి కట్ట మీద కట్ట ఎక్కించకండి. ప్యానెల్‌కూ ప్యానెల్‌కూ మధ్య ఆనికలకు సూటిగా పల్చని ధర్మోకోల్ ముక్కలు పెడితే ఆ సందులో గాలి ఆడుతుంది. ఫ్యాక్టరీ నుంచి వచ్చే ప్లాస్టిక్ చుట్టు ప్రయాణానికే ఉద్దేశించింది. సరుకు దిగిన రోజే దాన్ని తీసేయండి.

పైకప్పుగా సరుగుడు బాదులతో చిన్న పందిరి వేసి, ప్యానెళ్లకు అడుగు ఎత్తున బరకం కట్టండి. బరకం ప్యానెల్‌ను ఎక్కడా తాకకూడదు, మధ్యలో నీరు గుంతకట్టకూడదు. పక్కల బరకం నేలకు అడుగు పైనే ఆగాలి. గాలి వచ్చే వైపు కొస మూసి, ఎదుటి కొస తెరిచి ఉంచండి. ఎండను కూడా ఈ పందిరే ఆపుతుంది. అది చాలా అవసరం, ఎందుకంటే రక్షణ ఫిల్ము ఎండకు కాలి రేకుకు కరుచుకుపోతుంది, బయటికి కనిపించే ఫోమ్ కొసలు ఎండ తగిలితే ముదురు పసుపై పొడిగా రాలతాయి. ఫిల్ము ఎన్నాళ్లలోపు తీయాలన్నది ఫ్యాక్టరీని బట్టి మారుతుంది, మీ సరుకుకు ఆ గడువు ఎంతో రాతపూర్వకంగా అడగండి. ఆ గడువు బిగింపు కన్నా ముందే ముగిసేలా ఉంటే ఫిల్మును నీడలో, చల్లని పూట, నెమ్మదిగా తీసేయడమే మంచిది.

గాలి సంగతి బాపట్లవారికి వేరే చెప్పనక్కరలేదు. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను మీ తీరంలోనే బాపట్ల దగ్గర దాటింది. మీరు చెప్పిన రెండు నెలలూ సరిగ్గా ఆ తుపానుల కాలంలోకే పోతున్నాయి. గంటకు 36 కిలోమీటర్ల గాలి, అంటే చెట్ల కొమ్మలు ఊగే గాలి, ఒక గోడ ప్యానెల్ మీద ఎదురుగా తగిలితే సుమారు 28 కిలోల బలంతో తోస్తుంది. గాలి వేగం మూడింతలైతే ఆ తోపు తొమ్మిదింతలవుతుంది. పడుకోబెట్టిన కట్టలో పైనున్న ప్యానెల్ కింద గాలి దూరితే అది తెరచాపలా లేస్తుంది. అలా లేచినది ఎక్కడ, ఎవరి మీద పడుతుందో చెప్పలేము. అందుకని నేలలో రెండడుగుల లోతున మేకులు దిగ్గొట్టి, ప్రతి కట్టనూ చెక్క పలకల మీదుగా రెండు బెల్టులతో వాటికి కట్టి ఉంచండి. ఒక ప్యానెల్ తీశాక కూడా మిగిలినవాటిని మళ్లీ కట్టండి. పైన రాళ్లు, ఇసుక బస్తాలు పెట్టడం పరిష్కారం కాదు. తుపాను హెచ్చరిక వచ్చిన రోజు ముందుగా బరకం దించి మడిచేయండి, బెల్టులు సరిచూడండి. రెండు రోజులు తడిసిన ప్యానెల్‌ను ఆరబెట్టుకోవచ్చు, చిరిగి ఎగిరిన బరకం ఈడ్చుకుపోయిన ప్యానెల్‌ను ఏమీ చేయలేము.

నిప్పు గురించి ఇంకా గట్టిగా చెప్పాలి. పఫ్ అంటే పాలియురేథేన్ ఫోమ్. రేకుల మధ్య మూసి ఉన్నంతవరకు కొంత రక్షణ ఉంటుంది, కొసలు తెరిచి ఉన్నప్పుడు మాత్రం అది గడ్డివామి లాంటిదే. అంటుకుంటే వచ్చే పొగలో కార్బన్ మోనాక్సైడ్, హైడ్రోజన్ సైనైడ్ వాయువులు ఉంటాయి; మంటకన్నా ముందు ఆ పొగే ప్రాణం తీస్తుంది. దక్షిణ కొరియాలోని ఇచియోన్‌లో 2020 ఏప్రిల్ 29న కడుతూ ఉన్న ఒక గిడ్డంగిలో వెల్డింగ్ రవ్వ ఈ ఫోమ్‌కు అంటుకుని 38 మంది పనివాళ్లు చనిపోయారు. మీ సైటులో కూడా తలుపు చట్రాలకు, రాక్‌లకు వెల్డింగ్ జరుగుతుంది. వెల్డింగ్‌నూ గ్రైండింగ్‌నూ ప్యానెళ్లకు కనీసం 12 మీటర్ల దూరంలో, గాలి అటువైపు వీయని దిక్కున చేయించండి. గ్రైండర్ రవ్వలు నిప్పు పెట్టకపోయినా రంగులోకి దిగి, నాలుగు వానలకు ఎర్రటి తుప్పు చుక్కలవుతాయి. బీడీలు, చలిమంటలు, చెత్త తగలబెట్టడం ఆ దరిదాపుల్లో వద్దు. ఒక డ్రమ్ము నీళ్లు, ఇసుక బకెట్లు, ఒక అగ్నిమాపక సిలిండరు అక్కడే ఉంచండి. అలాగే ప్యానెళ్లను ఇంటి వసారాలోనో, ఎవరైనా పడుకునే గది పక్కనో పేర్చకండి.

నేలకు వేసే ఫోమ్ పలకల గురించి మీరు రాయలేదు. మైనస్ 18 డిగ్రీల గదికి అవి తప్పవు. వాటికి రేకు తొడుగు ఉండదు కాబట్టి వాటిని మాత్రం ఎట్టి పరిస్థితిలోనూ ఆరుబయట పెట్టవద్దు; ఎవరూ పడుకోని, నిప్పుకు దూరంగా ఉన్న కప్పు కిందే ఉంచండి. సిలికాన్ ట్యూబులు, ఫోమ్ స్ప్రే డబ్బాలు కూడా నీడలోనే ఉండాలి. ఆ డబ్బాల్లో ఒత్తిడి ఉంటుంది, 50 డిగ్రీల వేడి దాటనివ్వకూడదు. ఎండలో నిలిపిన కారులోనో, రేకుల కింద అటక మీదనో అంత వేడి సులువుగా వస్తుంది. తలుపును పడుకోబెట్టకుండా గోడకు చేరవేసి నిలబెట్టండి.

వారానికి ఒకసారి, ఆదివారం పొద్దున్నే మంచు ఆరకముందు, ఒకరు వెళ్లి పై ప్యానెల్ కొస కొంచెం ఎత్తి రెండు రేకుల మధ్య చేయి పెట్టి చూడండి. తడి తగిలితే ఆ రోజే ఆ కట్ట మొత్తం విడదీసి, పొడి నూలుగుడ్డతో తుడిచి, నీడలో ఒక్కొక్కటి విడివిడిగా ఆరాకే మళ్లీ పేర్చండి. తెల్లటి పొడి పల్చగా కనిపిస్తే తడిగుడ్డతో తుడిచి ఆరబెడితే చాలు. పొర కట్టి, కింద రేకు గరుకుగా తగిలితే ఫోటో తీసి ఫ్యాక్టరీకి పంపండి. ఎలుకలు ఫోమ్ కొసలను కొరికి గూళ్లు పెడతాయి. దుంగల కింద గడ్డి, గోనెసంచులు చేరనివ్వకండి.

బిగించే రోజు వచ్చినప్పుడు, ప్రతి ప్యానెల్‌ను నిలబెట్టేముందు రెండు రేకుల మీదా అడుగుకొకచోట చొప్పున వేలి మెటికతో తట్టి వినండి. ఫోమ్ అతుక్కుని ఉన్నచోట మొద్దుగా, ఊడిపోయిన చోట డొల్లగా మోగుతుంది. అరచేయంత డొల్ల ఉన్నదాన్ని, గాడి పెదవి నలిగినదాన్ని, కొస ఫోమ్ తడిగా ఉన్నదాన్ని సుద్దతో గీసి పక్కన పెట్టండి. పనివాళ్లు ‘లోపలికి పోతే కనపడదులెండి’ అంటారు. వాటి బదులు ఫ్యాక్టరీ నుంచి కొత్తవి తెప్పించడానికి పదిరోజులు పట్టినా, అన్ని రోజులూ బిగింపు ఆపించండి.